ఆరున్నర నిమిషాల నేవీ

మా రోజులల్ల తాండూరుల ఎవడన్న పొద్దుగాల ఉరుకుతున్నడంటే వాని ఎనుక కుక్కన్న ఉండాలె, ముందట రైలన్న ఉండాలె. ఊకె ఉరికెటోడు కనవడితే ఆపి, ఇంట్ల అంత మంచిదేనా అని అడిగెటోళ్లు. ఇప్పుడు తెల్లారకముందే రోడ్ల పొంటి పోరలే పోరలు. చేతుల ఫోను, ఫోన్ల సెకన్లు లెక్కవెట్టే గడియారం, కాళ్లకు నా పెండ్లి ఖర్చు కంటె ఎక్కువ ధర పలికే బూట్లు. బండల లారీలు దుమ్ము లేపుకుంట పక్క పొంటి పోతనే ఉంటయ్, వీళ్లు ఆ దుమ్మునే పీల్చుకుంట ఉరుకుతనే ఉంటరు.

ఉరుకుడు తప్పని నేననను. ఉరికినంక చేసే లెక్కతోనే నాకు పంచాయితి. నేను తోపుల రెజిమెంటుల నౌకరి చేసొచ్చినోన్ని కాబట్టి చెమటలు తుడుచుకుంట సీద నా అరుగు కాడికే వస్తరు. మిలిట్రీ తాత అని పేరు వెట్టిన్రు. "తాతా, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్సు, మూడిట్ల ఏది అల్కగుంటది?" అని అడుగుతరు. చాయ్ తాగకముందు ఈ మాట చెవుల పడితే నాకు ఆ దినమంత పాడైతది.

వాళ్ల లెక్క ఇట్లుంటది. ఆర్మీల 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లల్ల కొడితే 60 మార్కులు. 5 నిమిషాల 45 సెకన్ల లోపల వస్తే 48. మొన్నమొన్నటి దాక ఆ మీద ఒక్క సెకను దాటినా ఇంటి తొవ్వే. ఇప్పుడు ఇంకో రెండు మెట్లు కలిపి 6 నిమిషాల 15 సెకన్ల దాక రానిస్తున్నరు గని చివరి మెట్టుకు 24 మార్కులే. ఉరుకుడు అయినంక బీమ్. పది సార్లు గదువ పైకి లేపితే 40 మార్కులు, ఆరు సార్లు లేపితే 16. తొమ్మిది అడుగుల గుంత దుంకాలె, వంకరటింకర పట్టె మీద పడకుండ నడువాలె. నేవీల అయితే అదే దూరానికి 6 నిమిషాల 30 సెకన్లు ఇస్తరు, మీద ఇన్ని గుంజీలు, ఇన్ని దండీలు. ఎయిర్‌ఫోర్సుల ఇప్పుడు 7 నిమిషాలు. ఇగ మా పోరడు ఫోన్ల గడియారం చూసుకుంటడు. ఆరు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది. వెంటనే సముద్రం మీద ప్రేమ పుడతది. "నేను నేవీకి పోత తాతా" అంటడు.

తలుపు ఎత్తు చూసి ఇల్లు కొన్నట్టున్నది ఈ యవ్వారం. ఆ ఉరుకుడు ఒక్క పొద్దుది. తలుపు దాటినంక లోపల ఏండ్లకేండ్లు బతికేది ఉంటది. అక్కడ నడుముతోటి ఏం పని, చెవులతోటి ఏం పని, కడుపు ఎట్లుండాలె, నిద్ర ఎంత దొరుకుతది, ఇవి ఒక్కడు అడుగడు.

మమ్ముల ఎవడడిగిండు ఏది కావాల్నని? 1971 లడాయి అయిన మరుసటేడు నేను తాండూరుల పాసింజరు బండి ఎక్కి సికింద్రాబాదుల దిగిన. నిజాము ఏలిన కాలంల, 1874ల పడ్డ లైనది, ఈ ఏరియాల ఎవలు ఊరు దాటి పోవాల్నన్నా అదే తొవ్వ. మిలిట్రీల చేరుదమన్న ఒక్క ముచ్చట తప్ప నాకు ఏం ఎరుక లేకుండె. లైన్ల నిలవెట్టిన్రు, ఎత్తు కొలిచిన్రు, ఛాతి కొలిచిన్రు, ఊపిరి పీల్చుమని మల్ల కొలిచిన్రు. డాక్టరు నోరు తెరువుమని ఎద్దుల సంతల బేరగాని తీరుగ పండ్లు లెక్కవెట్టిండు. ఉరుకుమన్నరు, ఉరికిన. ఎంత సేపట్ల ఉరికిన్నో నాకు ఎవలు చెప్పలే, నేను అడుగలే. బల్ల ఎనుక కూసున్నాయన నా భుజాల దిక్కు చూసి, కాయితం మీద ఏమో రాసి, "తోప్‌ఖానా" అన్నడు. అయిపోయింది. నా పక్కపొంటి నిలవడ్డ యాలాల పిలగాడు నాకంటె జోరుగ ఉరికిండు, వాన్ని బండి నడిపే పనికి రాసిన్రు. ఇంకోడు బక్కగున్నడు, చదువుకున్నోడు, వాన్ని క్లర్కును చేసిన్రు. ఏడ ఖాళీ ఉంటే ఆడ, నీ ఒళ్లు దేనికి పనికొస్తదని వాళ్లకు అనిపిస్తే దానికి. నచ్చలేదని ఎనుకకు తిరిగి చూసినోడు లేకుండె.

అంతకు ముందు ఇంక అన్యాయం. పేరుకు 19వ హైదరాబాద్ రెజిమెంటు అని పెద్ద పల్టన్ ఉండె. దాండ్ల ఉన్నది కుమావు కొండలోళ్లు, జాట్లు, అహీర్లు. మన పేరు, వాళ్ల బలగం. 1945ల ఆ పేరు గూడ తీసేసి కుమావ్ రెజిమెంట్ అని పెట్టుకున్నరు. దేశంల తొలి పరమవీర చక్ర అందుకున్న మేజర్ సోమనాథ్ శర్మ ముందుగాల ఆఫీసరుగ చేరింది ఈ హైదరాబాద్ రెజిమెంటులనే. పుట్టిన జాగను చూసి, కులాన్ని చూసి ఎవడు సిపాయికి పనికొస్తడో తెల్లదొరలు రాసి పెట్టుకున్న కాలమది. దక్షిణాదోళ్లకు మద్రాస్ రెజిమెంటు ఉండనే ఉండె, నీలగిరుల మీద వెల్లింగ్టన్ల. కాల్బలానికి పోవాల్నంటె మనోళ్లకు అదే ఎక్కువ తొవ్వ. గుండెల బలం సంగతి తర్వాత, ముందుగాల నువ్వు ఎవని కొడుకువో చెప్పు అన్నట్టుండె. ఇప్పటి పోరనికి మూడు దార్లు ఉన్నయ్, మూడిట్ల ఏదైనా నీ ఇష్టమంటున్నరు. ఆ ఇష్టాన్ని సెకన్ల గడియారానికి ఇచ్చి కూసుంటె నాకు కడుపు మండదా?

ఒళ్లు సంగతికొస్తె, మాకు ఒళ్లు కసరత్తుతోటి రాలే, పనితోటి వచ్చింది. తాండూరు గంజ్ల కందుల బస్త అంటె నూరు కిలోల గోనెసంచి. హమాలీలు దాన్ని ఈపు మీదికి తీసుకొని పలక మీద నుంచి లారీ ఎక్కుతుంటె మేం పక్క పొంటి నిలవడి చూసెటోళ్లం, పదహారేండ్లు నిండంగనే మాకు గూడ అదే పని. బండల గనుల్ల అయితే సమ్మెట, గడ్డపార. నాపరాయిని పొరలు పొరలుగ లేపి, పగులకుండ ఇద్దరం చెరో కొసకు పట్టుకొని బండికెత్తాలె. ఒక్కడు జారిస్తె ఇద్దరి కాళ్లు పోతయ్. ఆ పనికి మార్కులు లేకుండె. సాయంత్రం చేతికొచ్చే పైసలే రిజల్టు. ఇప్పుడు బస్తాలు చిన్నగైనయ్, గనుల్ల మిషిన్లు కోస్తున్నయ్. మంచిదే, ఎవని నడుము విరిగినా నాకేం సంతోషం. కని ఆ పని పోయిన జాగల ఇంకేం వచ్చింది? కాలేజీకి ఆటోల పోయి, ఆటోల వచ్చి, నోటిఫికేషన్ పడ్డనాడు బూట్లు కొంటె మూడు నెలలల్ల ఒళ్లు తయారు కావాల్నంటె ఎట్లయితది? పిక్క ముందటి ఎముక నొస్తుందని సగం మంది పది దినాలకే కుంటుకుంట వస్తరు. నొప్పి గోళీ వేసుకొని మల్ల ఉరుకుతరు. ఆ గోళీ సంగతి చెప్పినోన్ని పట్టుకొని తన్నాలె.

తిండి మాట ఎత్తుతె ఇంకింత కోపమొస్తది. మా తాండూరు కందిపప్పుకు 2022ల జీఐ గుర్తింపు వచ్చింది. దేశం మొత్తం ఒప్పుకున్న పప్పు. ఆ పప్పు పండిన చేను గట్టు మీద ఉరికే పిలగాడు పట్నం పోయి ప్రొటీన్ డబ్బ కొనుక్కొస్తడు. జొన్నరొట్టె, పప్పు, ఎల్లిపాయ కారం పెడితె మొకం అటు తిప్పుకుంటడు.

ఇగ నా తోపుల ముచ్చట. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ల దిగిన నాడు నేను గూడ ఉరుకుడే పెద్ద పని అనుకున్న. తోప్‌ఖానాల నేను ఉరికింది తక్కువ, తవ్వింది ఎక్కువ. తోపును ఉత్తగ నేల మీద నిలవెడితె దుష్మన్ కంట్ల పడతది. అందుకని గొయ్యి తవ్వాలె, మట్టి కట్ట పొయ్యాలె, గుండ్లకు వేరే గొయ్యి, మనుషులకు వేరే గొయ్యి. రాత్రంత తవ్వినంక తెల్లారి వైర్‌లెస్ల మాట వస్తది, జాగ మార్చుమని. ఆ గొయ్యి అట్లనే ఇడిసి ఇంకో పది మైళ్ల అవుతల మల్ల గడ్డపార పట్టాలె. 130 మిల్లీమీటర్ల రష్యా తోపు ఉండె మా కాడ. దాని గుండు ఒక్కొక్కటి 33 కిలోల పైన. తర్వాత వచ్చిన బోఫోర్స్ 155 గుండయితే 43 కిలోల దాక ఉంటది. ఒకటి లేపితే గొప్ప కాదు. గంట సేపు ఆగకుండ, కాలు జారకుండ, వరుస తప్పకుండ అందియ్యాలె. బీమ్ మీద పది సార్లు లేచినోడు నాలుగో పదికి కూలవడుడు నేను చూసిన, ఎన్నడు బీమ్ మొకం చూడని హమాలీ కొడుకు తెల్లారేదాక అందిచ్చుడు గూడ చూసిన.

చెవుల సంగతి ఎవడు చెప్తడు? దూది పెట్టుకోమనెటోళ్లు. దూది పెట్టుకుంటే ఆర్డరు ఇనవడదు, ఆర్డరు ఇనవడకుంటే తిట్లు. తిట్లకు భయపడి దూది తీసిన. ఇప్పుడు నా ఎడమ చెవు దిక్కు కూసొని మా ఇంటామె ఏమన్న అంటె నాకు ఇనవడదు. కొన్నిసార్లు అదే మంచిగున్నదనుకోండి. పోరగాడు ఆర్మీ అంటె 5 నిమిషాల 30 సెకన్లు అంటడు. తోప్‌ఖానా అంటె చెవు, నడుము అని వానికి ఏ కోచింగులోడు చెప్పడు.

చల్లటి జాగల సంగతి ఇంకోటి. మన తాండూరు సముద్రం నుంచి పదిహేను వందల అడుగులకు అటిటు ఎత్తుంటది. లేహ్ పదకొండు వేల పైన. విమానంల దిగిన తొలిదినం నేను నా బిస్తరు నేనే ఎత్తుకొని నాలుగడుగులు ఏసిన, ఊపిరి అందలే. ఉస్తాదు నవ్వి కూసోమన్నడు. ఆడ జోరుగ ఉరికెటోడే ముందుగాల పడతడు. మెల్లగ ఉండాలె, నీళ్లు తాగాలె, ఒళ్లును అలవాటు చెయ్యాలె. దానికి ఫౌజుల లెక్కనే ఉన్నది. 9,000 అడుగుల మీద ఆరు దినాలు ఆగాలె, 12,000 దాటినంక నాలుగు, 15,000 దాటినంక ఇంకో నాలుగు. 1984ల సియాచిన్ పట్టుకున్న నాటి నుంచి ఆ మంచుల ఏడాది పొడుగునా మనుషులు ఉండనే ఉన్నరు. ఎండాకాలం 42 డిగ్రీల్ల ఉరికి సెలెక్ట్ అయిన తాండూరు పోరడు గూడ ఆడికే పోవచ్చు. మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ల గల్వాన్ల పడిపోయిండు. అంత ఎత్తుల, ఆ చలిల, రాత్రి పూట, తుపాకి పేలకుండ చేతులతోటి, రాళ్లతోటి, కట్టెలతోటి జరిగిన కొట్లాట. మహావీర చక్ర ఇచ్చిన్రు. ఆ రాత్రి బలానికి ఏ గడియారం సరిపోదు, ఇంకేం చెప్పను.

నేవీ అల్కటిది అనెటోన్ని నేను అడిగే మొదటి మాట: "ఈత వస్తదారా?" పదిమందిని అడుగుతె ఎనిమిది మంది నేల చూపులు చూస్తరు. తప్పు వాళ్లది గాదు, బాయిలది. మా రోజులల్ల ప్రతి చేన్ల మోటబాయి ఉండె. ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టి ఎవడో ఒక మామ ఎనుక నుంచి తోసేసెటోడు. రెండు బుక్కలు నీళ్లు మింగితె మూడోనాడు ఈత వచ్చేది. ఎండకాలం సెలవులంటె పొద్దుందాక బాయిలనే, కండ్లు ఎర్రగైనంక ఇంటికి. కాగ్నా వాగు నిండితె అటుదిక్కు నుంచి ఇటుదిక్కు. ఇప్పుడు బోర్లొచ్చినయ్, బాయిలు పూడ్చిన్రు, ఉన్నయి చెత్తకుండీలైనయ్. కోట్‌పల్లి చెరువుల పడవలు తిప్పెటోళ్లు గూడ పట్నం నుంచి శని, ఆదివారాలు కార్లల్ల వచ్చినోళ్లే, రంగు రంగుల జాకెట్లు తొడుక్కొని.

ఈత రాకుంటే నేవీల నేర్పుతరు, ఒడిశాల చిల్కా అని ట్రైనింగ్ జాగ ఉన్నది. అది భయపడే ముచ్చట గాదు. ఓడ మీద బతుకుడు సంగతి. నాలుగు గంటల కాపలా, మధ్యల నిద్ర, మల్ల కాపలా. నిలువు మెట్లు రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతరో లెక్క లేదు. సముద్రం పొంగిన నాడు కడుపుల ఉన్నదంత బయటికొస్తది, అయినా డ్యూటీ డ్యూటీనే. జలాంతర్గామిలకు పోతె ఇంకో లోకం. వైజాగుల ఐఎన్ఎస్ శాతవాహనల వాళ్లకు వేరే చదువు చెప్తరు. ఎండ మొకం కనవడదు, కాళ్లు సాపే జాగ ఉండదు, పక్కోని ఊపిరి నీ మొకం మీద. గుంజీలు తీసినంత మాత్రాన అది ఓర్చుకునే మనసు వస్తదా? ఆరున్నర నిమిషాలల్ల ఉరికొచ్చినోడు నాలుగు గోడల నడుమ నలభై దినాలు ఉండగలడా లేదా అన్నది వాన్ని వాడే అడుక్కోవాలె.

ఇంకో వింత చెప్త. ఈ నడుమ నేవీ మీద మోజు పెరుగుటానికి వికారాబాదు దిక్కు ఇంకో కారణం పుట్టింది. పూడూరు మండలం దామగుండం అడవిల నేవీ రేడియో స్టేషన్ వస్తున్నది. 2024 అక్టోబర్ 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేసిండు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గూడ ఉన్నడు. 2,900 ఎకరాల అడవి, 3,200 కోట్ల ఖర్చు. తమిళనాడు తిరునెల్వేలిల 1990ల పెట్టిన ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంల ఇది రెండోది. సముద్రంల మునిగి ఉన్న జలాంతర్గాములకు మాట పంపే స్టేషనట. మామూలు రేడియో అలలు నీళ్లల్లకు దిగవు. చానా పొడుగు అలలు అయితెనే కొద్ది లోతు దాక పోతయ్, దానికి పెద్ద పెద్ద స్తంభాలు, చానా జాగ కావాలె. ఇది చదివి ఒక పిలగాడు నా కాడికొచ్చి, "తాతా, నేవీల చేరితె దామగుండంలనే పోస్టింగ్ ఇస్తరంట, ఇంటి నుంచి సైకిల్ మీద పోయి రావచ్చు" అన్నడు. వాన్ని ఏమనాలె? సముద్రమే లేని జిల్లాల నేవీ వచ్చిందని నేనే నవ్వుకుంటుంటె, వీడు టిఫిను డబ్బ పట్టుకొని నేవీకి పోయే ప్లాను వేసిండు.

ఆ అడవి మీద నాకు వేరే బాధ గూడ ఉన్నది. అనంతగిరిల మూసీ పుట్టింది, ఆ చెట్లు ఉంటెనే ఆ నీళ్లు. చెట్లు కొట్టొద్దని చానామంది లొల్లి చేసిన్రు. ఫౌజుల చేసినోన్ని కాబట్టి దేశానికి స్టేషన్ వద్దనలేను, ఈ మట్టిల పుట్టినోన్ని కాబట్టి అడవి పోతె పోనీ అని గూడ అనలేను. చిన్నప్పుడు అనంతగిరి జాతరకు వికారాబాదుల దిగి గుట్ట మీదికి నడుచుకుంటనే పోయెటోళ్లం, తల మీద మూట, సంకల పిలగాడు. ఇప్పుడు ఆదివారమొస్తె ఆ ఘాటు మీద కార్లు ఒకదాని ఎనుక ఒకటి. గుట్ట ఎక్కి ఉరుకుండ్రిరా, కాళ్లకు అంతకు మించిన మందు లేదని పోరలకు చెప్తె, "కార్లు గుద్దుతయ్ తాతా" అంటరు. అది మాత్రం నిజమే.

ఎయిర్‌ఫోర్సు సంగతి తక్కువ మాట్లాడుత, ఎందుకంటె అక్కడ ఉరుకుడు కంటె చదువు ముందుంటది. లెక్కలు, ఫిజిక్సు, ఇంగ్లీషు. 7 నిమిషాలు అని ఇనంగనే ఎగిరి గంతేసినోడు పుస్తకం తెరిచి మల్ల ఆర్మీ అంటడు. దుండిగల్ల విమానాలు ఎగురుడు చూసి తాము గూడ ఎగురుతమనుకుంటరు. ఎగిరేది ఆఫీసర్లురా బిడ్డా, ఎయిర్‌మెన్ల ఎక్కువ మందికి నేల మీద పని. మే నెలల, సిమెంటు రన్‌వే పక్క పొంటి, ఇనుము ముట్టుకుంటె బొబ్బలెక్కే ఎండల, విమానం కడుపు కింద పండుకొని బోల్టులు బిగించాలె. తప్పు బిగిస్తె పైన ఎగిరెటోని పాణం పోతది. దానికి ఎంత ఓపిక కావాల్నో పది దండీలల్ల తెలుస్తదా?

ఇంతసేపు తిట్టిన గని, వాళ్ల దిక్కు నుంచి ఒక్క న్యాయం ఉన్నది. ఎత్తు. మన తెలంగాణ పోరడు ఆర్మీల సిపాయి కావాల్నంటె 166 సెంటీమీటర్లు ఉండాలె. క్లర్కుకయితే 162 చాలు. నేవీకి 157, ఎయిర్‌ఫోర్సుకు 152. మా గల్లిల ఒక పిలగాడున్నడు, బండల పాలిష్ కాడ పనిచేస్తడు. ఉరికితె 5 నిమిషాల 20 సెకన్లు. బీమ్ మీద పన్నెండు లేస్తడు, పడుతున్నట్టే ఉండడు. ఎత్తు మాత్రం 164. తలకింద దిండు లేకుండ పండుకున్నడు, కొమ్మ పట్టుకొని ఏలాడిండు, ఎవడో చెప్పిన పొడి తిన్నడు. ఎముకలు ఇనలే. వాడు నేవీ అంటె నేనేం అనను. అది గడియారంతోటి చేసిన లెక్క గాదు. వానికి నేనే మా చేన్ల బాయికి తీసుకపోయి ఈత నేర్పుతున్న, నడుముకు తాడు కట్టి, ఒడ్డు మీద కూసొని. బూతులు తిట్టుకుంటనే, అది వేరే సంగతి.

మా రోజులల్ల పదిహేనేండ్లు చేస్తె పింఛను. ఉరుకుడు ఒక్కసారి గెలిస్తె బతుకంతకు ఒక ఆసరా దొరికేది. ఇప్పుడు అగ్నిపథ్. 2022 జూన్ 14న చెప్పిన్రు, పదిహేడున్నర ఏండ్ల నుంచి ఇరవై ఒకటి దాక వయసు, నాలుగేండ్ల నౌకరి, నూటికి ఇరవై ఐదు మందికే ఆ మీద ఉండే అవకాశం. తొలి ఏడు నెలకు 30,000 అని చెప్తరు గని అందుల 9,000 పక్కకు పెడతరు. ఆఖరుకు సుమారు 11.71 లక్షలు చేతుల పెట్టి పంపుతరు. పింఛను లేదు. మూడు దినాలకు, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్ల బోగీలు కాలినయ్, పోలీసు కాల్పుల్ల ఒక పిలగాడు పాణం ఇడిసిండు. రైలు కాలవెట్టుడు నాకు ఏనాటికీ ఒప్పదు. ఆ ప్లాట్‌ఫారం మీదనే నేను ట్రంకు పెట్టె మీద కూసొని బండి కోసం ఎదురుచూసిన. కని ఆ గుంపుల చానామంది అంతకు ముందే ఉరికి, గెలిచి, డాక్టరు పరీక్ష గూడ దాటి, రాత పరీక్ష కోసం ఏడాదికి పైన ఎదురుచూసినోళ్లు. ఆ పరీక్షనే లేదంటె, అన్ని పొద్దుల ఉరుకుడు ఏడ పోవాలె?

2023 నుంచి లైను గూడ తిప్పిన్రు. ముందుగాల కంప్యూటర్ మీద పరీక్ష, అది గట్టెక్కినోడే తర్వాత మైదానంల ఉరకాలె. మా కాలంల తల కిందుల. 2024 డిసెంబరుల గచ్చిబౌలి స్టేడియంల ర్యాలీ పెడితె అట్ల పరీక్ష దాటినోళ్లే వచ్చిన్రు. దీని మీద గులుగుదమనుకున్న గని గులుగుటానికి మాట దొరుకుతలేదు. ఎనుకట వేల మంది అర్ధరాత్రి వచ్చి ఫుట్‌పాత్ మీద పండుకొని, చలిల లేచి, తిండి లేకుండ ఉరికి ఓడిపోయి పోయెటోళ్లు. ఇప్పుడు ఆ యాతన కొంత తగ్గింది. ఒప్పుకుంటున్న. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. నాలుగేండ్లయినంక ఉంచుకునే ఆ ఇరవై ఐదు మందిని ఏరేటప్పుడు ఒళ్లు మల్ల చూస్తరు, పని చూస్తరు. తుపాకి, సామాను మోసుకుంట 5 కిలోమీటర్లు ఉరికే పరీక్ష సిపాయికి ఎప్పుడూ ఉండనే ఉంటది. అల్కటి తలుపు ఎతికి లోపలికి పోయినోడు నాలుగో ఏట ఏమైతడు?

ఆడపిల్లల సంగతి వస్తె మా రోజుల గురించి మాట్లాడుటానికి నాకే సిగ్గు. అప్పుడు ఆడపిల్ల ఉరికితె ఊరంత తలుపుల కాడికి వచ్చేది. ఇప్పుడు ఆర్మీల మిలిటరీ పోలీసుకు ఆడపిల్లల్ని తీసుకుంటున్నరు. 1.6 కిలోమీటర్లకు ఏడున్నర నిమిషాల లోపల వస్తె ఒక మెట్టు, 8 నిమిషాల లోపల వస్తె ఇంకోటి, పది అడుగుల పొడుగు దుంకాలె, మూడు అడుగుల ఎత్తు దుంకాలె. 2023 మార్చిల చిల్కాల ట్రైనింగ్ అయి బయటికొచ్చిన నేవీ అగ్నివీరుల తొలి జట్టుల 273 మంది ఆడపిల్లలు ఉండిరి. మా ఎదురింటి పిల్ల రోజు వాళ్ల తమ్మున్ని సైకిల్ మీద ముందు పెట్టుకొని ఎనుక తాను ఉరుకుతది, తమ్ముని పని కుక్కల్ని కొట్టుడు. ఒకనాడు నా కాడికొచ్చి, "తాతా, నీకు నడుము నొప్పి ఏ వయసుల మొదలైంది? తోపు గుండ్లు మోసుడుతోటేనా, వయసుతోటా?" అని అడిగింది. ఇన్నేండ్లల్ల నన్ను ఆ మాట అడిగినోడు లేడు. గంట సేపు కూసొని చెప్పిన. మోకాళ్లు, ఈపు, చెవులు, లేహ్ల ముక్కుల నుంచి కారిన రక్తం, అన్నీ. అంత ఇని నోటు పుస్తకంల ఏమో రాసుకున్నది. మరునాడు వాళ్లమ్మ వచ్చి, "పిల్లకు గవన్ని ఎందుకు చెప్పినవ్ కాకా, రాత్రంత నాకు నిద్ర పట్టలే" అని కొట్లాట పెట్టుకున్నది. పిల్ల మాత్రం ఆ పొద్దు గూడ ఉరికింది.

ఇది రాస్తుంటె ఇంకోడు గేటు తీసిండు. కొత్త మొకం, బషీరాబాద్ దిక్కు పిలగాడు. ఒక చేతుల నీళ్ల సీస, ఇంకో చేతుల ఫోను.

"తాతా, కోస్ట్ గార్డ్ అంటె ఎట్లుంటది?"

"ఎందుకురా, ఆర్మీ వద్దా?"

"కోస్ట్ గార్డ్ల 1.6కు ఏడు నిమిషాలంట తాతా."

"నీకెంత వస్తుంది?"

"ఆరు నిమిషాల యాభై."

"ఈత వస్తదా?"

పోరడు ఫోన్ దిక్కు చూసిండు. తర్వాత నా దిక్కు చూసిండు. "దానికి గూడ టైమింగ్ ఉంటదా?" అన్నడు.